జియోఫిజిక్స్ చదివితే ఉద్యోగం వస్తుందా? 50 పోస్టులు ఒకటికి పడిన లెక్క వెనుక

2022 యూపీఎస్సీ జియో సైంటిస్టు పరీక్షకు నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు, జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో (ఇకపై జీఎస్‌ఐ అందాం) 50 జియోఫిజిసిస్టు పోస్టులు చూపించారు. 2023 పరీక్షకు అవి 21 అయ్యాయి. 2024కి ఒకటి. అవును, దేశం మొత్తానికీ ఒక్క పోస్టు. మరుసటి ఏడాది జనవరిలో కేంద్ర మంత్రివర్గం కీలక ఖనిజాల మిషన్‌ను ఆమోదిస్తూ, 2030-31 లోపల జీఎస్‌ఐ 1,200 అన్వేషణ ప్రాజెక్టులు చేపడుతుందని చెప్పింది.

ఈ రెండు వార్తలూ ఒకే ఇంట్లో చదివితే ఎలా ఉంటుందో ఊహించండి. లిథియం కోసం, అరుదైన ఖనిజాల కోసం దేశమంతా వెతుకుతున్నారు కాబట్టి మా వాడికి మంచి రోజులొచ్చాయని తండ్రి అనుకుంటారు, నోటిఫికేషన్‌లో ఒక్క పోస్టు చూసిన కొడుక్కి మాత్రం టెన్షన్ మొదలవుతుంది. వాళ్లలో ఎవరూ తప్పు చదవలేదు. పని పెరగడం వేరు, ఆ పనికి మనిషిని జీతమిచ్చి పెట్టుకోవడం వేరు. వాటి మధ్య దూరం ఈ రంగంలో మిగతా వాటికంటే ఎక్కువ. అదెందుకో విడమరిచి చెప్పే ప్రయత్నం ఇది.

జియాలజిస్టు రాయిని చూస్తారు, జియోఫిజిసిస్టు కొలుస్తారు

చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు, అందుకే ముందు ఇది తేల్చుకోవాలి. జియాలజిస్టు రాయిని చేతిలోకి తీసుకుని, సుత్తితో కొట్టి, సూక్ష్మదర్శినిలో చూసి అదేమిటో చెబుతారు. జియోఫిజిసిస్టుకు ఆ రాయి కనపడదు, అది వంద మీటర్ల లోతునో మూడు కిలోమీటర్ల లోతునో ఉంటుంది. అందుకని పైనుంచి భౌతిక శాస్త్రం సాయంతో కొలుస్తారు. నేల మీద ప్రకంపన పుట్టించి, లోపలి పొరల నుంచి అది తిరిగొచ్చే సమయాన్ని పట్టుకుంటే సైస్మిక్ సర్వే. కరెంటు పంపి నేల ఎంత అడ్డుకుంటుందో చూస్తే రెసిస్టివిటీ సర్వే. గురుత్వాకర్షణలో, అయస్కాంత క్షేత్రంలో చిన్న చిన్న తేడాలను కొలిస్తే గ్రావిటీ, మాగ్నెటిక్ సర్వేలు.

మన పల్లెల్లో అందరికీ తెలిసిన ఉదాహరణ బోరు పాయింటు. మీటరు తెచ్చి, నేలలో నాలుగు రాడ్లు దిగేసి, వైర్లు లాగి చూస్తారే, అదే. అందులో జరిగే లెక్క ఏమంత కష్టం కాదు. నాలుగు రాడ్లు ఒకే వరుసలో, పది మీటర్ల ఎడంతో పాతారనుకోండి. బయటి రెండింటి గుండా 100 మిల్లీ ఆంపియర్ల కరెంటు పంపితే లోపలి రెండింటి మధ్య 80 మిల్లీ వోల్టులు కనిపించాయి. 80ని 100తో భాగిస్తే 0.8. దాన్ని 2తో, 3.14తో, ఎడం 10తో గుణిస్తే సుమారు 50 ఓమ్-మీటర్లు. ఇప్పుడు ఎడం 40 మీటర్లకు పెంచారు, కరెంటు లోతుగా వెళ్లింది, వోల్టేజి 60 వచ్చింది. అదే లెక్క వేస్తే సుమారు 150. అంటే కింద గట్టి రాయి మొదలవుతోంది. పగుళ్లు లేని గ్రానైటు అయితే ఈ విలువ వేలల్లో ఉంటుంది.

ఇంతవరకూ ఎవరైనా చేయగలరు. చిక్కంతా ఆ 50 దగ్గర ఉంది. నీళ్లు పట్టిన పుచ్చు రాయి 50 చూపించవచ్చు, బంకమట్టి కలిసిన పొర కూడా దాదాపు అంతే చూపించవచ్చు. మొదటిదాంట్లో బోరు వేస్తే నీళ్లొస్తాయి, రెండోదాంట్లో వేస్తే రైతు అప్పు మిగులుతుంది. ఒకే కొలతకు నాలుగు అర్థాలు ఉన్నప్పుడు ఆ ప్రాంతపు రాళ్లు, పాత బోర్ల లోతులు, వాలు అన్నీ కలిపి చూసి ఏది నిజమో తేల్చడమే జియోఫిజిసిస్టు పని. చమురు కంపెనీలో ఉన్నా, జీఎస్‌ఐలో ఉన్నా, మండలంలో బోరు పాయింట్లు పెడుతున్నా పని స్వభావం ఇదే.

ఆ పనికి డబ్బిచ్చేవాళ్లు మాత్రం వేరు. ప్రభుత్వ సర్వే సంస్థలు, చమురు కంపెనీలు, పరిశోధన సంస్థలు, భూగర్భ జలాలూ నిర్మాణాల మీద బతికే చిన్న కంపెనీలు, ఇవన్నీ వేర్వేరు సంతలు. ఒకదాంట్లో ధర పడిన రోజున ఇంకోదాంట్లో పెరగవచ్చు. ఒక సంతలో పనికొచ్చే నైపుణ్యం రెండోదాంట్లో చెల్లకపోవచ్చు. ‘జియోఫిజిక్స్‌కు డిమాండ్ ఉందా’ అని ఎవరైనా అడిగితే ఏ సంతలో అని తిరిగి అడగక తప్పదు.

50, 21, 1, 6: ఈ అంకెలు ఎక్కడి నుంచి వస్తాయి

పరీక్ష పెట్టేది యూపీఎస్సీ కాబట్టి పోస్టులు తగ్గించింది కూడా యూపీఎస్సీయే అనుకుంటారు. అది నిజం కాదు. ఎన్ని ఖాళీలు నింపాలో చెప్పేది మంత్రిత్వ శాఖలు. జీఎస్‌ఐకి గనుల శాఖ, కేంద్ర భూగర్భ జల మండలికి జలశక్తి శాఖ. మంజూరైన పోస్టులు ఎన్ని, ఎంతమంది రిటైరయ్యారు, పాత బకాయి ఖాళీలు ఎన్ని నిండాయి, ఈ లెక్కలన్నీ తేలాక ఒక సంఖ్య పంపిస్తారు. కొత్త మిషన్ ప్రకటించినంత మాత్రాన మంజూరైన పోస్టులు దానంతట అవే పెరగవు. ప్రాజెక్టులు పెరిగితే ఉన్నవాళ్ల మీదే పని పెరగవచ్చు, లేదా పనిని బయటి ఏజెన్సీలకు ఇవ్వవచ్చు.

2025 పరీక్షకు జీఎస్‌ఐ జియోఫిజిసిస్టు పోస్టులు 6. అంతే చూస్తే నిరాశగానే ఉంటుంది. కానీ అదే నోటిఫికేషన్‌లో కేంద్ర భూగర్భ జల మండలిలో సైంటిస్ట్-బి జియోఫిజిక్స్ ఒకటి, అసిస్టెంట్ జియోఫిజిసిస్టు 11 ఉన్నాయి. మొత్తం 18. అలాగే 2024లో జల మండలి పోస్టులు రెండు కలిపితే మొత్తం 3. ఒక్క జీఎస్‌ఐ వరుసనే చూసేవాళ్లు ఇంకో వరుసలో ఉన్నవి వదిలేస్తున్నారు, నాకు చాలామందిలో కనిపించిన పొరపాటు ఇది.

సగటు లెక్క కూడా ఇక్కడ మోసం చేస్తుంది. నాలుగేళ్ల జీఎస్‌ఐ పోస్టులు కలిపితే 78, ఏడాదికి పంతొమ్మిదిన్నర. వినడానికి ఫరవాలేదు. కానీ ఏ ఒక్క సంవత్సరమూ అభ్యర్థికి ఆ పంతొమ్మిదిన్నర కనపడలేదు. పైగా ఒక్క పోస్టే ఉన్నప్పుడు అది ఏ కేటగిరీకి వెళితే ఆ కేటగిరీ వాళ్లకే, మిగతావాళ్లకు ఆ ఏడాది సున్నా.

పరీక్ష మూడు అంచెలు. ప్రిలిమ్స్ 400 మార్కులు, మెయిన్స్ 600, ఇంటర్వ్యూ 200. గ్రూప్ ఎ పోస్టుకు మొదటి మూలవేతనం 56,100, దాని మీద డీఏ, ఇంటద్దె వగైరా. ఏడాదిలో చాలా రోజులు ఫీల్డులోనే గడుస్తాయి, ఈ సంగతి తెలియక చేరి ఇబ్బంది పడేవాళ్లూ ఉన్నారు, అదే ఇష్టపడి చేరేవాళ్లూ ఉన్నారు.

ఫిజిక్స్ వాళ్లకూ అర్హత ఉండటం న్యాయమేనా

జీఎస్‌ఐ జియోఫిజిసిస్టు పోస్టుకు జియోఫిజిక్స్ పీజీ తప్పనిసరి కాదు. ఎమ్మెస్సీ ఫిజిక్స్, అప్లయిడ్ ఫిజిక్స్ చదివినవాళ్లూ రాయవచ్చు. దీని మీద రెండు వాదనలున్నాయి, రెండిట్లోనూ బలం ఉంది.

జియోఫిజిక్స్ విద్యార్థులు అనేది ఇది: దేశంలో ఈ కోర్సు ఉన్న చోట్లే తక్కువ. మన దగ్గర ఆంధ్ర విశ్వవిద్యాలయం, ఉస్మానియా, బయట ధన్‌బాద్, ఖరగ్‌పూర్, రూర్కీ, బొంబాయి, బనారస్ వంటివి. రెండు మూడేళ్లు సైస్మిక్, గ్రావిటీ, లాగింగ్ (బావిలోకి పరికరాలు దించి కొలవడం) అని ఎండలో తిరిగి నేర్చుకుంటే, ఉన్న కాసిని పోస్టుల కోసం దేశంలోని ఫిజిక్స్ పీజీలందరితో పోటీ పడాల్సి వస్తోంది. ఫిజిక్స్ వాళ్లకు వేరే దారులున్నాయి, మాకు ఇవే ఉన్నాయి.

ఫిజిక్స్ వైపు మాట కూడా తోసిపుచ్చేది కాదు. ఈ శాస్త్రం పునాది తరంగాలు, విద్యుదయస్కాంతత్వం, గణితం. అవి గట్టిగా వచ్చినవాళ్లు ఫీల్డు పనిని శిక్షణలో నేర్చుకోగలరు. సిలబస్ ఎలాగూ జియోఫిజిక్స్‌దే, అది చదివి రాసి నెగ్గినవాళ్లను డిగ్రీ పేరు చూసి ఆపడం ఎందుకు? నా మటుకు నాకు అర్హత ఇలా విశాలంగా ఉండటంలో తప్పు లేదనిపిస్తుంది. కానీ పోస్టులు ఒకటికి పడిన ఏడాది ఆ విశాలతకు మూల్యం కట్టేది జియోఫిజిక్స్ విద్యార్థే, దాన్ని చిన్న విషయంగా తీసేయలేం.

చమురు ధర, రెండేళ్ల కోర్సు

ప్రపంచవ్యాప్తంగా జియోఫిజిసిస్టులకు మంచి జీతాలు ఇచ్చింది చమురు రంగమే. దాని ఊపు చమురు ధరతో నడుస్తుంది. 2014 జూన్‌లో బ్రెంట్ (అంతర్జాతీయ మార్కెట్లో ప్రమాణంగా చూసే ముడి చమురు) పీపా ధర 110 డాలర్లు దాటింది. 2016 జనవరికి 30 డాలర్ల లోపు. ధర పడగానే చమురు కంపెనీ మొదట కోత పెట్టేది అన్వేషణ బడ్జెట్ మీద, ఎందుకంటే ఉన్న బావుల నుంచి తోడటం ఆపలేరు, కొత్తవి వెతకడం మాత్రం వాయిదా వేయగలరు. ఆ వాయిదా పడిన పనే జియోఫిజిసిస్టుది.

ఇప్పుడు ఒక విద్యార్థిని తీసుకుందాం. 2013లో ధర మంచి ఊపులో ఉంది, సీనియర్లకు మంచి ప్యాకేజీలు వచ్చాయి, అది చూసి కోర్సులో చేరారు. రెండేళ్ల తర్వాత 2015లో బయటికొచ్చారు. అప్పటికి కంపెనీలు ఉన్నవాళ్లనే తీసేస్తున్నాయి. ఆ విద్యార్థి చేసిన తప్పేమీ లేదు, ప్రతిభ తక్కువా కాదు. చేరే రోజున కనిపించే ధరకూ బయటికొచ్చే రోజున ఉండే ధరకూ సంబంధం ఉండదు, అంతే. దీన్నే తిరగేస్తే, అందరూ వద్దన్న ఏడాది చేరినవాళ్లు మంచి రోజుల్లో బయటికి రావడమూ జరిగింది.

ఆ పతనం తర్వాత రంగం పాత రూపానికి తిరిగి రాలేదు. సైస్మిక్ సర్వే అంటే మొదట వినిపించే పేర్లలో ఒకటైన ష్లంబర్జర్, 2018 జనవరిలో నేల మీదా సముద్రంలోనూ సర్వేలు చేసే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. 2024లో టీజీఎస్, పీజీఎస్ అనే రెండు పెద్ద కంపెనీలు ఒకటయ్యాయి. రెండు కంపెనీలు కలిసిన చోట రెండు రెట్ల ఉద్యోగాలు ఉండవు.

మన దేశంలో కథ కొంచెం వేరు. వాడే ముడి చమురులో 85 శాతం పైగా దిగుమతి కాబట్టి, ధర పడినా వెతకడం పూర్తిగా ఆపలేని పరిస్థితి. 2016లో మొదలైన జాతీయ సైస్మిక్ కార్యక్రమం కింద అప్పటిదాకా సర్వే జరగని ప్రాంతాల్లో 48,243 కిలోమీటర్ల రేఖల మేర సర్వే తలపెట్టారు, ఓఎన్‌జీసీ, ఆయిల్ ఇండియా చేశాయి. మన కృష్ణా-గోదావరి బేసిన్‌లో లోతు సముద్రపు 98/2 బ్లాకు నుంచి 2024 జనవరిలో చమురు రావడం మొదలైంది. అయినా ఓఎన్‌జీసీ నియామకాలు ఏటా ఒకేలా ఉండవు. చాలా ఏళ్లు గేట్ స్కోరుతో తీసుకున్న సంస్థ 2025లో సొంతంగా కంప్యూటర్ పరీక్ష పెట్టింది. అందులో కూడా సర్ఫేస్, వెల్స్ అని రెండు రకాల పోస్టులుంటాయి: మొదటిది సైస్మిక్ సర్వేల పని, రెండోది తవ్విన బావిలోకి పరికరాలు దించి రాళ్ల గుణాలు కొలిచే లాగింగ్ పని.

1,200 ప్రాజెక్టుల పని ఎవరి చేతికి వెళుతుంది

కీలక ఖనిజాల మిషన్ వల్ల ఉద్యోగాలు వరదలా వస్తాయని ఒక వైపు, ఏమీ రావని ఇంకో వైపు వింటున్నాం. మిషన్‌కు కేటాయించింది 16,300 కోట్లు, ప్రభుత్వ రంగ సంస్థల నుంచి మరో 18,000 కోట్లు వస్తాయని అంచనా. ఇది చిన్న మొత్తం కాదు. 2023లో గనుల చట్టాన్ని సవరించి, 29 ఖనిజాలకు ప్రైవేటు కంపెనీలు అన్వేషణ లైసెన్సు తీసుకునే వీలు కల్పించారు. గుర్తింపు పొందిన ప్రైవేటు అన్వేషణ ఏజెన్సీలకు కూడా ప్రభుత్వ నిధులతో ప్రాజెక్టులు దక్కుతున్నాయి. అంటే పోస్టులు రాకపోయినా పని ఏదో ఒక రూపంలో వస్తుంది.

ఇక్కడే కొంచెం ఆగాలి. ఖనిజాన్వేషణలో ఖర్చు ఎక్కువగా డ్రిల్లింగ్‌కు, నమూనాల రసాయన పరీక్షలకు పోతుంది. జట్టులో జియాలజిస్టులు ఎక్కువ, జియోఫిజిసిస్టులు తక్కువ. 2023 నోటిఫికేషన్‌లోనే చూడండి, జియాలజిస్టు పోస్టులు 216, జియోఫిజిసిస్టు 21. పదికి ఒకటి. పైగా కావలసిన నైపుణ్యం సైస్మిక్ కాదు. ఇక్కడ నడిచేది మాగ్నెటిక్, గ్రావిటీ, ఇండ్యూస్డ్ పోలరైజేషన్ (కరెంటు ఆపాక నేలలో కాసేపు మిగిలే వోల్టేజిని కొలవడం), విద్యుదయస్కాంత పద్ధతులు. పదేళ్లు చమురు సైస్మిక్‌లో పనిచేసినవాళ్లకు ఈ వైపు మారడం కొత్త భాష నేర్చుకున్నట్టే ఉంటుంది. ప్రైవేటు ఏజెన్సీల్లో ఉద్యోగం తరచూ ప్రాజెక్టు ఉన్నంత కాలమే. కాబట్టి వరద వస్తుందనడమూ, ఏమీ లేదనడమూ రెండూ సరికాదని నా అభిప్రాయం. పని పెరుగుతోంది, స్థిరమైన కొలువుగా మారేది దానిలో కొంత భాగమే.

లోతు తక్కువ పనులు: నీళ్లు, సొరంగాలు

చమురు తరచూ కిలోమీటర్ల లోతున ఉంటుంది, నిర్మాణాలకు కావలసిన సమాచారం ఎక్కువగా అంతకంటే చాలా పైనే ఉంటుంది. మెట్రో స్తంభాల పునాది, ఆనకట్ట కింద పగుళ్లు, రోడ్డు కింద పాత పైపులు, ఇవన్నీ కొలిచే ప్రైవేటు కంపెనీలు ఉన్నాయి. జీతాలు చమురు రంగమంత ఉండవు, పని మాత్రం ధరల చక్రం మీద ఆధారపడదు.

2025 ఫిబ్రవరి 22న తెలంగాణలో శ్రీశైలం ఎడమ గట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకున్నప్పుడు, బురదలో వాళ్లెక్కడ ఉన్నారో వెతకడానికి హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు, నేలలోకి తరంగాలు పంపి చూసే గ్రౌండ్ పెనెట్రేటింగ్ రాడార్ పట్టుకుని లోపలికి వెళ్లారు. ఆ రోజుల్లో టీవీ చూసినవాళ్లందరికీ ఆ పేరు తెలిసింది. తడి బంకమట్టిలో రాడార్ తరంగాలు తొందరగా నీరసిస్తాయి, అలాంటి చోట చేసిన పని అది. అదే ఏడాది నవంబరులో సొరంగం మార్గం మీద హెలికాప్టర్‌తో విద్యుదయస్కాంత సర్వే మొదలుపెట్టారు. ముందున్న రాయి ఎలాంటిదో తెలుసుకోవడానికి ఎనిమిది ప్రాణాలు పోయాక సర్వే చేయడం చూస్తే బాధ కలుగుతుంది. నిర్మాణానికి ముందే ఇలాంటి సర్వేను తప్పనిసరి చేస్తే పనులు పెరుగుతాయి, అంతకంటే ముఖ్యంగా మనుషులు బతుకుతారు.

నీళ్ల రంగంలో కూడా పద్ధతి మారుతోంది. 2021 అక్టోబరులో జోధ్‌పూర్‌లో మొదలుపెట్టి రాజస్థాన్, గుజరాత్, హర్యానా ఎండు ప్రాంతాల్లో ఎన్‌జీఆర్‌ఐ హెలికాప్టర్ సర్వేలు చేసింది. ఇంకో వైపు మన ఊళ్లలో కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని పాయింటు చూపించేవాళ్లే ఇప్పటికీ మీటరుకు పోటీ. రైతును తప్పుపట్టలేం, మీటరు పెట్టి చూపించిన చోట కూడా బోర్లు ఎండిపోవడం ఆయన చూశారు. కొలతను సరిగా చదవని మీటరు ఎవరికీ నమ్మకం ఇవ్వదు.

పరిశోధన వైపు వెళ్లేవాళ్లకు

తెలుగువాళ్లకు ఇక్కడ ఒక సౌలభ్యం ఉంది. హబ్సిగూడ దగ్గర ఎన్‌జీఆర్‌ఐ, బండ్లగూడలో జీఎస్‌ఐ దక్షిణ ప్రాంత కార్యాలయం, బేగంపేటలో అటామిక్ మినరల్స్ డైరెక్టరేట్, ప్రగతినగర్‌లో సునామీ హెచ్చరికలిచ్చే ఇన్‌కాయిస్, ఇన్ని సంస్థలు ఒకే నగరంలో ఉన్నాయి. నెట్ పరీక్షతో ఇచ్చే పరిశోధన ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) వస్తే నెలకు 37,000, ఇంటద్దె అదనం. పీహెచ్‌డీ అయ్యేసరికి ఐదారేళ్లు. ఆ తర్వాత సైంటిస్టు పోస్టులు తక్కువ, పోటీ దేశమంతా. ఈలోగా ప్రాజెక్టు అసోసియేట్ వంటి ఒప్పంద ఉద్యోగాలు దొరుకుతాయి, ప్రాజెక్టు ముగిస్తే అవీ ముగుస్తాయి.

2023లో బయటికొచ్చిన ఒక విద్యార్థి లెక్క

ఇదంతా ఒక మనిషి మీద పెట్టి చూద్దాం. 2000 సంవత్సరం మధ్యలో పుట్టి, 2023లో జియోఫిజిక్స్ పీజీ పూర్తి చేసిన అమ్మాయి అనుకుందాం, జనరల్ కేటగిరీ. 2024 పరీక్షలో ఆమె ముందున్నవి జీఎస్‌ఐ, జల మండలి కలిపి 3 పోస్టులు. ఒక్క ఏడాది ముందు బయటికొచ్చిన సీనియర్ 2023 పరీక్షలో చూసినవి 23. ఇద్దరి మధ్య తేడా పుట్టిన సంవత్సరమే.

2025లో పోస్టులు 18 అయ్యాయి. అదే ఫిబ్రవరిలో ఇటు ప్రిలిమ్స్, అటు ఓఎన్‌జీసీ పరీక్ష. రెండు సిలబస్‌లు చాలావరకు కలుస్తాయి కాబట్టి చదివింది వృథా కాదు, కానీ రెండు అవకాశాలూ ఒకే నెలలో వచ్చి వెళ్లిపోయాయి. వయసు పరీక్ష జరిగే ఏడాది జనవరి 1 నాటికి 32 నిండకూడదన్న నిబంధన ఇలాగే ఉంటే, ఆమె 2032 పరీక్ష వరకూ రాయవచ్చు. అంటే 2024 నుంచి మొత్తం తొమ్మిది సార్లు. రెండు అయిపోయినా ఏడు మిగులుతాయి. ఆ ఏడింట్లో 50 వచ్చే ఏడాది ఉంటుందో, 1 వచ్చే ఏడాది ఉంటుందో ముందుగా ఏ లెక్కా చెప్పదు. ఈలోపు ఆమె ఓ ప్రాజెక్టులో 37,000కు చేస్తున్నారా, సొరంగాల సర్వే కంపెనీలో చేరారా, ఇంట్లో కూర్చుని చదువుతున్నారా అన్నదాన్ని బట్టి ఆ ఏడేళ్లు ఒక్కొక్కరికి ఒక్కోలా గడుస్తాయి. వాటిలో మొదటి రెండిట్లోనూ చేతికి కొలతలు అలవాటవుతాయి, మూడోదాంట్లో పరీక్షకు సమయం దొరుకుతుంది. ఏది ఎక్కువ కాలం భరించగలరన్నది ఇంటి పరిస్థితిని బట్టి ఆమె తేల్చుకునే విషయం.